చిన్న విగ్రహపు కన్ను

స్వర్ణముఖి ఒడ్డున పంచలోహ విగ్రహాలు పోసే మౌనాంబకు ఆ పేరు పెట్టిన పెద్దలెవరో గాని, వారికి జ్యోతిషం రాదన్నది మాత్రం నిశ్చయం. మౌనమన్నది ఆమె పేరులో ఉన్నదే తప్ప నోట ఏనాడూ నిలిచి ఎరుగదు. ఆ వానాకాలం తిరుపతి కొండ పాదాన ఉన్న మేధామాన పరిశోధనాలయంలో, తెల్లని గుమ్మటం వంటి యంత్రం కింద తల ఉంచి కదలకుండా కూర్చోమన్నప్పుడు కూడా ఆమె పెదవులు ఆగలేదు.

"ఏమే కాళీ, ఈ గుమ్మటంలో గబ్బిలాలు లేవు గదా?"

"మాట్లాడితే కొలత చెడిపోతుందత్తా. రెండు నిమిషాలు ఊరుకో."

"నేను రెండు నిమిషాలు ఊరకుంటే మీ మామ గుండె ఆగిపోతాది. నాకేమో అయిపోయిందని ఏడుపు మొదలుపెడతాడు."

పక్క కుర్చీలో ఉన్న ఆమె భర్త చెన్నకేశవాచారి, విగ్రహాలకు మెరుగు పెట్టి పెట్టి గరుకెక్కిన అరచేతులను మోకాళ్ళ మీద ఆనించుకొని, తల ఊపుతూ నవ్వాడు. ఊపడానికి తగిన తలే ఆయనది. ఊళ్ళో దొరికే తలపాగా బట్ట ఆయనకు ఒక చుట్టు తక్కువే వస్తుంది. మౌనాంబ తల చిన్నపిల్లదంత.

కాళీ అని పిలిపించుకున్న కాళికాంబ ఆ పరిశోధనాలయానికి ముఖ్య శాస్త్రవేత్త. ఆ గుమ్మటాన్ని కనిపెట్టినదీ ఆమే. ఉగ్గుపాల నాడే తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లను పెంచి, అక్షరాలతో పాటు మైనం పిసకడం కూడా నేర్పినది ఈ మేనత్తే. అటువంటి అత్త కొద్దికాలంగా చెప్పిన మాటే చెబుతున్నదనీ, చేసిన పని మరచి మళ్ళీ చేస్తున్నదనీ మామ చెవిలో వేయగా, కాళికాంబ ఇద్దరినీ పిలిపించింది. తన ఒక్కతినే రమ్మంటే మౌనాంబ రాదు. "మామకు పరీక్ష, నువ్వు తోడు" అంటేనే కదిలింది.

గుమ్మటం సన్నగా మ్రోగి ఆగింది. అద్దపు పలక మీద అంకె వెలిగింది. మౌనాంబ పంచాంగం ప్రకారం డెబ్బై ఒకటి. యంత్రం లెక్క ప్రకారం ఆమె మెదడు వయస్సు యాభై నాలుగు. తరువాత చెన్నకేశవాచారి కూర్చున్నాడు. పంచాంగం డెబ్బై అయిదు, యంత్రం తొంభై.

మౌనాంబ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూసినావా! నేను నీకంటే ముప్పై ఆరేండ్లు చిన్నదాన్నంట. ఇంకనుంచి నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒప్పుకుంటాను గాని, నీ పక్కన నడవాలంటే నాకు సిగ్గుగా ఉండాది."

"పిట్ట కొంచెం, కూత ఘనం అని ఊరికే అన్నారా," అన్నాడు ఆయన. "మన ఊరి స్వామి దగ్గర సాలీడు ముక్తి పొందింది, ఏనుగూ పొందింది. సాలీడు నువ్వయితే ఏనుగు నేను. కాకపోతే ఏనుగు ముసలిదైపోయింది."

అందరూ నవ్వారు. కాళికాంబ గుండె మీది బరువు దిగిపోయింది. అత్తకు ఏమీ లేదు. చికిత్స కావలసినది మామకు. ఆయన పేరు చికిత్సకు రాయించి, వాళ్ళను బస్సెక్కించి వచ్చింది.

*

ఆ యంత్రానికి ఆమె తాళమాని అని పేరు పెట్టింది. ఆ పేరు శిల్పుల ఇంటిది. నుదుటి అంచు నుంచి గడ్డం కొన వరకు ముఖం పొడవు ఎంతో, అది ఒక తాళం. దేవతామూర్తి నిలువెత్తు ఇన్ని తాళాలు, స్త్రీమూర్తికి ఇన్ని, బాలమూర్తికి ఇన్ని అని శాస్త్రం విధించింది. శిల్పి తాటాకు ముక్కను ముఖం పొడవుకు కత్తిరించి, దాన్ని మడతలు పెట్టి, ఆ మడతలతోనే చేయి, నడుము, వేలు, కన్ను అన్నీ కొలుస్తాడు. గజం కర్రతో అతనికి పని లేదు. విగ్రహం అరచేతిలో పట్టేదైనా, రథం మీద నిలిచేదైనా దాని కొలత దానిలోనే ఉంది.

కాళికాంబ వైద్యకళాశాలలో చదివే రోజుల్లో ఒక ఆచార్యుడు పాఠం చెబుతూ, స్త్రీ మెదడు పురుషుని మెదడు కంటే తూకానికి తక్కువని అన్నాడు. వెనుక వరుసలో మగపిల్లలు ఎగతాళిగా దగ్గారు. ఆమె లేచి నిలబడింది. "బొమ్మ చిన్నదయితే చేయి కూడా చిన్నదవుతుంది సార్. చేతిని ఆ బొమ్మ తాళంతో కొలవాలి గాని బజారు గజంతో కాదు." ఆ మాటే ఆమె జీవితానికి సూత్రమయింది.

వయస్సు వచ్చేకొద్దీ మెదడులోని భాగాలన్నీ ఒక్క తీరున మారవు. కొన్ని త్వరగా కుంచించుకుపోతాయి, కొన్ని చాలా కాలం నిలుస్తాయి. నడుమనున్న నీటి గదులు మాత్రం నానాటికీ విశాలమవుతాయి. వీటన్నిటిలో కాళికాంబ చూపు హిప్పోకాంపస్ మీద నిలిచింది. సముద్రపు గుర్రం వలె ముడుచుకొని కణతల లోపల దాగి ఉండే జ్ఞాపకాల గది అది. ఆ గది పరిమాణాన్ని గుమ్మటం క్షణాల్లో కొలుస్తుంది. ఆ కొలతను తల లోపలి పరిమాణంతో భాగిస్తుంది. కపాలమే తాళం; జ్ఞాపకాల గది అందులో ఇన్నవ వంతు. వంతు తగ్గేకొద్దీ వయస్సు పెరిగినట్లు. స్త్రీకి ఒక పట్టిక, పురుషునికి ఒక పట్టిక అక్కరలేదు. ఇద్దరికీ ఒక్కటే నిచ్చెన.

ఫలితం వచ్చిన నాడు ఆమె కొండకు కాలినడకన ఎక్కి దణ్ణం పెట్టుకొని వచ్చింది. స్త్రీలు తక్కువ కాదు సరికదా, ఏ వయస్సులో చూసినా పురుషుల కంటే కొన్నేళ్ళు చిన్నవారుగా తేలారు. సభలు జరిగాయి, శాలువాలు వచ్చాయి. ఎందుకు చిన్నవారయ్యారని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడుగుకోలేదు. మనసుకు నచ్చిన జవాబుకు మారు ప్రశ్న వేసేవారు అరుదు.

తాళమాని ఊరక వయస్సు చెప్పే వినోదమై ఉంటే బాధ లేకపోయేది. కాని అదే పరిశోధనాలయంలో డాక్టర్ జిలానీ అంకురచికిత్స కనిపెట్టాడు. కుంచించుకుపోతున్న జ్ఞాపకాల గదిలో కొత్త కణాలు మొలకెత్తేలా చేసే మందు అది. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేదు, ఉన్నదాన్ని పోనివ్వదు. దానికి రెండు షరతులున్నాయి. గది మరీ చిన్నదైపోయిన తరువాత ఇస్తే మొలకెత్తడానికి చోటుండదు. అవసరం లేనివారికి ఇస్తే కొత్త మొలకలు పాత అల్లికల్లోకి చొరబడి, ఉన్న జ్ఞాపకాలను చెరిపివేస్తాయి. కనుక ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది తాళమాని చెప్పాలి. తాళమాని చెప్పిన తరువాత ఇక అప్పీలు లేదు.

*

కార్తీకమాసంలో కాళికాంబ శ్రీకాళహస్తి వెళ్ళింది. కొలిమి పక్క అరుగు మీద మౌనాంబ, ఒక గృహస్థు పూజామందిరం కోసం అడిగిన చిన్న జ్ఞానప్రసూనాంబను మైనంలో దిద్దుతున్నది. ఆ ప్రాంతంలో స్థపతి, అంటే ప్రధాన శిల్పి, అనిపించుకున్న ఆడది ఆమె ఒక్కతే. అందుకు గర్వమూ ఆమెకు సమృద్ధిగా ఉంది.

"ఏమయ్యా, మైనంలో గుగ్గిలం కలిపినావా?"

"కలిపినానే."

కొంతసేపు వేళ్ళు ఆడాయి. అమ్మవారి భుజం మీద పూలదండ మొలిచింది.

"ఏమయ్యా, గుగ్గిలం కలిపినావా?"

"ఇప్పుడే కలిపినాను, చూడు, వాసన వస్తా ఉండాది." మొదటిసారి అడిగినట్లే ఆయన జవాబు చెప్పాడు, గొంతులో విసుగన్నది లేదు. మూడవసారి అడిగినప్పుడు కూడా అంతే.

కాళికాంబను వాకిట్లోకి తీసుకువెళ్ళి ఆయన మెల్లగా అన్నాడు: "మొన్న ఒక అమ్మవారికి కిరీటం పెట్టి, దాని మీద ఇంకో కిరీటం పెట్టిందమ్మా. నేను రాత్రి తీసేసినాను. తెల్లవారినాక చూసి, బాగా కుదిరింది అనింది."

"యంత్రం యాభై నాలుగు అంది గదా మామా. అలసట అయి ఉంటుంది. పని తగ్గించమను."

"యంత్రం అట్ల చెప్పిందంటే సరే." ఆయన తలపాగా సర్దుకున్నాడు. "నువ్వు చేసిన యంత్రం గదా. తప్పు చెప్పదు."

ఆ మాట ఆ పూట ఆమెకు తీయగానే ఉంది.

*

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కరిగిన లోహం మూసలో పోసే వేళ స్థపతి తప్ప మరెవరూ నోరు విప్పరాదు. అగ్నిదేవుడు ఒక్కరి మాటే వింటాడని పెద్దలు పెట్టిన నియమం. అటువంటి సమయంలో నలుగురు నాలుగు మాటలంటే చేయి తొణకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కనుక నియమం మంచిదే.

మైనపు బొమ్మకు చుట్టూ ఒండ్రుమట్టి మెత్తి, ఆరబెట్టి, కాల్చి, లోపలి మైనమంతా కరగి కారిపోయాక, ఆ ఖాళీలో లోహం పోయాలి. మైనం మిగిలి ఉండగా పోస్తే లోహం ఎగజిమ్ముతుంది.

మాఘమాసంలో ఒక ఉదయం జ్ఞానప్రసూనాంబను పోయడానికి కూర్చున్నారు. మౌనాంబ మూసను చూసింది. దాన్ని కాల్చి మైనం తీసినట్లు ఆమెకు స్పష్టంగా గుర్తుంది. అయితే ఆ గుర్తు మరొక విగ్రహానిది, మరొక ఏటిది. "పొయ్యండి," అన్నది. పనివాళ్ళు పటకారు ఎత్తారు. మూస నోటి దగ్గర కరిగి కారిన మైనపు మరక లేకపోవడం, అంటే మైనం ఇంకా లోపలే ఉండడం, చెన్నకేశవాచారి చూశాడు. నోరు తెరవబోయాడు. యాభై ఏళ్ళుగా పాటించిన ఆచారం నోటికి అడ్డం పడింది. మాట రాలేదు గాని చేయి వెళ్ళింది. మూసను పక్కకు తోసివేశాడు. ధార నేల మీద పడింది. ఒక తుంపర ఆయన ముంజేతి మీద పడింది.

వారం తిరగకుండానే చికిత్స కోసం ఆయనకిచ్చిన గడువు వచ్చింది. కట్టు కట్టిన చేతితో పరిశోధనాలయానికి వచ్చి, కాళికాంబ ఎదుట, డాక్టర్ జిలానీ ఎదుట కూర్చొని ఆయన జరిగినదంతా చెప్పాడు.

"నాకీ చికిత్స వద్దు డాక్టరయ్యా. నాకిచ్చేది దానికి ఇయ్యండి."

"అట్లా మార్చడానికి ఇది రేషన్ బియ్యం కాదు పెద్దాయనా," అన్నాడు జిలానీ. కడప మనిషి, మాట కరుకు, మనసు వెన్న. "అవసరం లేని తలకిస్తే ఉన్న జ్ఞాపకం పోతుంది. యంత్రం మీకివ్వమంది, ఆమెకు వద్దంది."

"మరి నేను ఏం మరిచిపోయినానో చెప్పండి?"

జిలానీ పరీక్ష మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఏడు పోసిన మొదటి విగ్రహం ఎవరిది? సోమస్కందమూర్తి. ఎవరికి? నెల్లూరి నూనె వర్తకునికి. ఆయన ఏ రంగు కండువా వేసుకొని వచ్చాడు? ఆవపువ్వు రంగు. ఈ గదిలోకి రాగానే నేను మొదట ఏమన్నాను? "చెప్పులు బయట పెట్టి వచ్చారా, పోతాయి జాగ్రత్త" అన్నారు.

జిలానీ కలం కింద పెట్టాడు. "మేడమ్, ఈయన మెదడు తొంభై ఏళ్ళదయితే నాది నూటయాభై అయి ఉండాలి."

కాళికాంబ చూపు బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న చిన్న కంచు బొమ్మ మీద పడి, అక్కడే ఆగిపోయింది.

బొటనవ్రేలంత అమ్మవారు. తన పన్నెండవ ఏట తాటాకు మడిచి, ఒక్క మడత తప్పకుండా తానే మైనంలో చేసినది. అత్త దాన్ని లోహంలో పోసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అన్న మాటలు ఇన్నేళ్ళకు, ఎవరో వెనుక నిలబడి చెప్పినట్లు వినిపించాయి.

"కొలత తప్పలేదే కాళీ. కాని చూడు, నిద్రపోతా ఉండాది."

"కళ్ళు తెరిచే చేసినాను గదత్తా! పెద్ద అమ్మవారికి ఎన్నో వంతో, దీనికీ అన్నో వంతే."

"అందుకే నిద్రపోతా ఉండాది. చిన్న బొమ్మకు కన్ను కొలతకు లొంగదు, రవ్వంత ఎక్కువ అడుగుతాది. ఏనుగును చూడు, అంత ఒంటికి ఆ కన్ను ఎంత? ఎలుకను చూడు, ముఖమంతా కన్నే. స్వామి సాలీడును చేసేటప్పుడు ఏనుగును తాటాకుతో కొలిచి చిన్నది చెయ్యలేదు."

కాళికాంబ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడుకు చెన్నకేశవాచారి ఉలిక్కిపడ్డాడు.

ఆరోగ్యవంతులైన వేలమంది కొలతలు యంత్రం జ్ఞాపకంలో ఉన్నాయి. ఆమె ఇంతకాలం వాటిని ఆడ, మగ అని రెండు రాసులు పోసి చూసింది. ఇప్పుడు ఆ భేదం పక్కన పెట్టి, తల పరిమాణం చొప్పున చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా నిలిపింది. అద్దపు పలక మీద చుక్కలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. చిన్న తలలవారు, ఆడవారైనా మగవారైనా, అందరూ చిన్న వయస్సువారుగా తేలారు. పెద్ద తలలవారందరూ వృద్ధులుగా తేలారు. ఒకే పరిమాణం తలగల స్త్రీని, పురుషుని పక్కపక్కన నిలిపితే వాళ్ళ జ్ఞాపకాల గదుల మధ్య చెప్పుకోదగిన భేదమే లేదు.

"చూడండి జిలానీగారూ. తల రెట్టింపయితే గది రెట్టింపు కాదు. చిన్న తలలో ఆ గది పుట్టుకతోనే ఎక్కువ వంతు తీసుకుంటుంది, చిన్న బొమ్మకు కన్నులాగా. ఆ వంతును చూసి నేను యవ్వనం అనుకున్నాను."

"అంటే ఆడవాళ్ళు చిన్నవాళ్ళుగా తేలడం..."

"ఆడవాళ్ళ తలలు సగటున చిన్నవి కనుక. అంతే." ఆమె అద్దపు పలకను ఆయన వైపు తిప్పింది. "గజంతో కొలిచినవాడు మమ్మల్ని తక్కువ చేశాడు. తాళంతో కొలిచి నేను ఎక్కువ చేశాను. ఎక్కువ చేసి, మందు దగ్గరికి రానివ్వలేదు."

భాగహారాన్ని తీసివేసింది. ఒక మనిషిని, అంతే తల, అంతే వయస్సు గల ఆరోగ్యవంతులతో పోల్చి చూడమని యంత్రానికి కొత్తగా నేర్పింది. వానాకాలంలో తీసిన కొలతలనే మళ్ళీ చదివించింది. చెన్నకేశవాచారికి డెబ్బై రెండు. మౌనాంబకు ఎనభై నాలుగు.

ఆ రెండవ అంకెను చెన్నకేశవాచారి చాలాసేపు చూశాడు. "అయితే ఏనుగు బాగానే ఉండాదన్నమాట," అన్నాడు. నవ్వబోయి, కట్టు కట్టిన చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

*

మరునాడు మౌనాంబను తీసుకువచ్చి మళ్ళీ కొలిచారు. గది ఇంకా చిన్నదయింది. మందు పనిచేసే హద్దుకు ఇవతలే ఉంది గాని, ఆ హద్దు మీద కూర్చున్నట్లుంది. వానాకాలం నుంచి ఇప్పటి వరకు పోయినది పోయినట్లే.

జిలానీ తలుపు దగ్గరగా వేసి అడిగాడు: "మీ అత్తగారికి నేను రేపే మొదలుపెడతాను. తక్కినవాళ్ళ సంగతి ఏం చేద్దాం మేడమ్? యంత్రంలో లెక్క నెమ్మదిగా మార్చుకుంటూ పోతే ఎవరికీ తెలియదు. ఈ మాట నేను అనడం లేదు, పైవాళ్ళు అంటారు. మీరు జవాబు సిద్ధం చేసుకోండి."

"నెమ్మదిగా మార్చేలోపల ఎందరు హద్దు దాటుతారో మీకు తెలుసు."

"తెలుసు. అందుకే అడిగాను."

"మా ఇంట్లో ఒక ఆచారం ఉంది జిలానీగారూ. లోహం పోసేటప్పుడు ఒక్కరే మాట్లాడాలి. దానివల్ల మా మామ చేయి కాలింది. ఇక్కడ ఇన్నాళ్ళూ ఒక్క యంత్రమే మాట్లాడింది." ఆమె లేచింది. "గుమ్మటం ఆపించండి. వెనక్కి పంపిన ప్రతి మనిషినీ, మందిచ్చిన ప్రతి మనిషినీ పిలవాలి. పిలుపు నా పేరు మీదే వెళ్ళాలి, కారణంతో సహా."

వచ్చారు. ఎక్కువమంది స్త్రీలు, వాళ్ళ నడుమ చిన్న తలల మగవారు కొందరు. కొందరికి మందు అందింది. కొందరికి గుమ్మటం కింద మళ్ళీ తల పెట్టేసరికే హద్దు దాటిపోయింది. వాళ్ళ బిడ్డల ఎదుట కూర్చొని ఆ మాట కాళికాంబే చెప్పింది. మరొకరి చేత చెప్పించలేదు. ఒక ముసలాయన శాపనార్థాలు పెట్టాడు. తల వంచుకొని విన్నది. అవసరం లేకుండా మందు పుచ్చుకొన్న పెద్ద తలవారు కూడా వచ్చారు. వారిలో ఒకాయన తన చిన్ననాటి ఊరు పేరు చెప్పలేకపోయాడు. పరిశోధనాలయం ముఖద్వారం మీద తాళమాని అన్న పేరు తీసివేశారు. శాలువాలు ఆమె బీరువాలోనే ఉన్నాయి, తెరిచి చూసుకోలేదు.

*

చికిత్స ముగిసింది. మౌనాంబ జ్ఞాపకం జారడం ఆగింది. ఆగిన చోట కాళికాంబ లేదు. ఒళ్ళో పెట్టుకొని పెంచిన పిల్ల ఆమెకు ఇప్పుడు "తిరుపతి నుంచి వచ్చే డాక్టరమ్మ". భర్త ఉన్నాడు, కొలిమి ఉంది, స్వామి ఉన్నాడు. "నాకు ఒక మేనకోడలు ఉండాదంట, మీరు ఎప్పుడైనా చూసినారా?" అని ఒకసారి అడిగింది కూడా. కాళికాంబ "చూశాను, బాగానే ఉంది" అన్నది.

శ్రావణమాసం, శుక్రవారం ఉదయం. కొలిమి అరుగు మీద కూర్చొని ఉన్న మౌనాంబ చేతిలో కాళికాంబ తన బల్ల మీది చిన్న బొమ్మను పెట్టింది. ఏమీ చెప్పలేదు. ఏమి జరుగుతుందో చూడాలన్న కోరిక తప్ప ఆమెకూ మరే ఉద్దేశ్యం లేదు.

మౌనాంబ బొమ్మను వెలుతురుకు పట్టింది. బొటనవ్రేలితో తడిమింది. ముఖం దగ్గరికి తెచ్చుకొని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవరు చేసినారమ్మా దీన్ని?"

"ఎందుకు?"

"కొలత నేర్చినవాళ్ళు చేసినారు. చూడడం ఇంకా నేర్వలేదు." పెదవి విరిచింది, పాత గర్వం ఆ విరుపులో చెక్కుచెదరలేదు. "నిద్రపోతా ఉండాది గదా తల్లి! ఇంత చిన్న బొమ్మకు ఇంతేనా కన్ను?"

చెన్నకేశవాచారి మెరుగు పెడుతున్న విగ్రహాన్ని కింద పెట్టి ఇటు తిరిగాడు.

"ఏమయ్యా, ఆ సన్న ఉలి ఇట్ల అందియ్యి." ఆయన అందించిన ఉలిని తాను ఉంచుకోలేదు; కాళికాంబ వేళ్ళ మధ్య ఉంచింది. "నా చూపు ఆనడం లేదు. నువ్వు లేపు. పై రెప్ప అంచున రవ్వంత, వెంట్రుకవాసి."

కాళికాంబ మనసులో అమ్మవారిని తలచుకొని ఉలి ఆనించింది.

"ఆగమ్మా," అన్నాడు చెన్నకేశవాచారి. "మణికట్టు కింద ఈ మైనం ముద్ద పెట్టుకో. ఆదరువు ఉంటాది."

మౌనాంబ చురుక్కున చూసింది. "ఉలి పెట్టే వేళ మాట్లాడతారా ఎవరైనా? ఆచారం మరిచిపోయినావా?"

"ఇప్పుడు మాట్లాడాలంట. ఆచారం మారింది."

"ఎవరు మార్చినారు?"

ఆయన ముంజేతి మీది తెల్లని మచ్చను అరచేత్తో కప్పుకున్నాడు. "నువ్వే మార్చినావు."

మౌనాంబ కొంచెం ఆలోచించింది. "నేనయితే ఊరికే మార్చి ఉండను," అన్నది. "సరే, మాట్లాడు."

ఉలి కదిలింది. వెంట్రుకవాసి లోహం రాలింది. కన్ను తెరిచిన విగ్రహానికి మొదట చూపే అద్దాన్ని మౌనాంబ గూట్లోంచి తీసి అమ్మవారి ముఖానికి ఎదురుగా పట్టింది. కొలిమి వెలుతురు అద్దంలో పడి, అక్కడి నుంచి చిన్న కంటిలోకి జారి నిలిచింది.

"ఒకటి లేచింది," అన్నది సంతోషంగా. తరువాత ఆ డాక్టరమ్మ చేతిని ఎగాదిగా చూసింది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా ఈ పని?"

"ఇంకా నేర్చుకుంటా ఉండానత్తా," అన్నది కాళికాంబ. బొమ్మను వెలుతురుకు తిప్పుకొని, రెండవ కంటి మీద ఉలి ఆనించింది.